ఎర్రట్ట తెమ్మంటే

"ఎర్రట్ట తెమ్మంటే నీలమట్ట తెస్తే ఎట్టా?" అన్నాడు శేషాద్రి.

హనుమంతమ్మ తల గోక్కుంది. నీలమట్ట పుస్తకం అప్పటికే పత్తి వ్యాపారి చెన్నకేశవులు చంకలోకి చేరిపోయింది.

"ఉండనీలే సామీ. తెచ్చినాది కదా, ఇదే తీస్కపోతా" అన్నాడు చెన్నకేశవులు.

ఆదోని పత్తి బజారు వెనక ఉన్న ఆ చిన్న గ్రంథాలయంలో ఇది రోజూ జరిగే గ్రంథమే. అప్పుడు 1956.

శేషాద్రి లైబ్రేరియన్. ఎవరు ఏం చదివితే బాగుపడతారో తనకు తెలుసని ఆయన నమ్మకం. పాఠకులు బీరువాల దగ్గరికి పోకూడదు. ఆయన కుర్చీలోంచి చెప్తాడు, అటెండరు హనుమంతమ్మ తెస్తుంది. ఆమెకు పేర్లు చెప్పి లాభం లేదు. అందుకని నీతి పుస్తకాలు పద్నాలుగింటికీ ఆయన దగ్గరుండి ఎర్రట్టలు వేయించాడు. "రెండో బీరువా, పై అర, ఎర్రట్ట." ఇంతకంటే సులువుగా ఎవరు చెప్పగలరు?

అయినా ఆమె తప్పే తెచ్చేది. పచ్చది తెచ్చేది. పసుపుది తెచ్చేది. ఒకసారి అట్టే లేనిది కూడా తెచ్చింది.

చివరికి శేషాద్రి జిల్లా ఆఫీసుకు అర్జీ రాశాడు.

"సదరు హనుమంతమ్మ ఇదివరకు బడిలో పదేండ్లు ఊడ్చిన మనిషి. ఊడ్చడం తప్ప మరేమీ రాదు. చేరిన రోజు నేనే సిరా డబ్బా ముందుకు జరిపి వేలిముద్ర వేయించుకున్నాను. ఎరుపుకూ నీలానికీ తేడా తెలియదు. దుమ్ము దులపమంటే ప్రతి కాగితమూ విప్పి దులుపుతుంది. ఒక్కో పుస్తకానికి రెండు రోజులు. వచ్చినవాళ్ల గొడుగు అందుకుని ఇంటి సంగతులన్నీ అడుగుతుంది. కావున ఆమెను తీసేసి, చదువు వచ్చిన మనిషిని ఇప్పించగలరు."

మొగుడు లేని మనిషి. ఈ పని పోతే హనుమంతమ్మకు పుస్తకాల దుమ్ము పోయి మిల్లులో పత్తి దుమ్ము మిగులుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. దులుపుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం జిల్లా ఆఫీసరు మల్లికార్జునయ్య దిగాడు. ఆమెను తీసేసే కాగితం ముందే రాసుకొచ్చాడు. ఆయన సంతకమూ ఆమె వేలిముద్రా పడితే సరి. మూడు గంటల ఎమ్మిగనూరు బస్సు అందుకోవాలి.

గడపలోనే హనుమంతమ్మ గొడుగు అందుకుంది. "మొగం వాడిపోయినాది, ఏం సామీ?"

"నిన్ననే మా అమ్మాయి కాపురానికి పోయింది. ఇల్లంతా బోసిపోయింది" అనేశాడు. ఇదంతా ఈమెకు ఎందుకు చెప్పానా అని విసుక్కుంటూ లోపలికి వచ్చాడు.

ముందు పాఠకుల వాంగ్మూలం.

"పత్తి ధర పడిపోయి నేను విపత్తిలో ఉండినా" అన్నాడు చెన్నకేశవులు. "నిద్ర పట్టలే. సామి ఎర్రట్ట సెప్పినాడు, ఈమె నీలమట్ట తెచ్చినాది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్యా. మా ఇంటామె బయపడి దిష్టి తీసినాది."

"అంటే తప్పు పుస్తకమే తెచ్చింది?"

"తప్పే సామీ. ఒప్పుకోవాల."

ఎమ్మిగనూరు దర్జీ జిలాని బాషా లేచాడు. "అరె సాబ్, వారం వారం ఆడనించి బస్సెక్కి ఈడికి వస్తాండా. సారు సెప్పింది ఒక్కసారి గూడా ఈమె తేలే. ఈమె తెచ్చింది ఒక్కసారి గూడా నేను వద్దనలే."

"చూశారా? సాక్ష్యం మీద సాక్ష్యం" అన్నాడు శేషాద్రి.

మల్లికార్జునయ్య నియమం గల మనిషి. కళ్లారా చూడందే కలం ముట్టడు. "నాకూ ఒకటి తెప్పించండి" అన్నాడు.

"రెండో బీరువా. పై అర. ఎర్రట్ట" అన్నాడు శేషాద్రి, చెవిటివాళ్లకు చెప్పినట్టు.

హనుమంతమ్మ రెండో బీరువా ముందు ఆగనైనా ఆగలేదు. మూడో బీరువా అడుగు అరలోంచి బూడిదరంగు అట్ట పుస్తకం తెచ్చి ఆఫీసరు ముందు పెట్టింది.

"ఇంకేం కావాలి సార్?" అంటూ శేషాద్రి సిరా డబ్బా ముందుకు జరిపాడు.

తప్పు ఎంత పెద్దదో చూద్దామని మల్లికార్జునయ్య మొదటి పేజీ తిప్పాడు. రెండోది దానంతటదే తిరిగింది. మూడు గంటలకు ఎమ్మిగనూరు బస్సు హారన్ కొట్టింది. ఆయన ఇరవయ్యో పేజీలో ఉన్నాడు. బస్సు పోయింది. నాలుగింటికి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"దుమ్ము" అన్నాడు.

ఆ పుస్తకంలో దుమ్ము లేదు.

ఐదింటికి పుస్తకం మూశాడు. కాగితం వైపు చూశాడు. సిరా డబ్బా వైపు చూశాడు. కలం మూత తీశాడు.

"ఒక్క మాట అడుగుతా చెప్పమ్మా. ఎర్రట్ట ఏదో నీకు నిజంగానే తెలియదా?"

హనుమంతమ్మ చేతిలోని దుమ్ముగుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

"ఎర్రట్టయి పద్నాలుగూ సదివినా సామీ, అందుకే యెవురికీ తేలే."