పరీక్షకు పెట్టిన పేర్లు

"ఏముందే దాంట్లో, అట్ల కొయ్యబారిపోయినావు?" పత్తికాయలు ఒలుస్తానే అడిగింది దేవక్క.

"పనిలే మా." సుధ ల్యాప్‌టాప్ మీంచి కళ్లు తిప్పలేదు.

అందరికీ ఉచితంగా ఇచ్చే కంప్యూటర్ సిస్టంలో కొత్త ప్యాకేజీ, అంటే ఓ చిన్న ప్రోగ్రాం, చేర్చాలంటే ముందు ఎవరో ఒకరు పరిశీలించాల. ఈసారి ఆ వంతు సుధది. ఈ ప్యాకేజీ తెలుగు పేర్లను అక్షర క్రమంలో పేరుస్తుంది. రాసినవాడెవరో ఆమెకు తెలీదు. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షకని అతను పెట్టిన పేర్లు మాత్రం తెలుసు: తిమ్మన్న, దేవక్క, బూడిదెద్దు, సుధ. నాయన, అమ్మ, ఇంటి ఎద్దు, తాను.

"ఈ పేర్లు ఎవరివి?" అని పొద్దున్నే అతనికి రాసింది, కింద తన పేరూ, ఊరు ఆదోని అనీ పెట్టి.

"ఉరుకుంద ఈరన్నకు మళ్లా మొక్కినా," అంది దేవక్క. "మీయన్న ఇల్లిడిసి మూడేండ్లాయె. బతికుండాడని తెలిస్తే సాలు."

అప్పుడే ల్యాప్‌టాప్‌లో అతని జవాబొచ్చింది. "ఊరికే రాసిన పేర్లు మేడమ్. తీసేశాను."

సుధ ఫైలు తెరిచింది. ఇప్పుడందులో కమల, గోపి, రాధ, లత ఉన్నారు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. తప్పేమీ లేదు గనక, చేర్చుకోవచ్చునని నొక్కింది.

"బతికే ఉండాడు లే మా."

"నీ నోట్లో సక్కెర పొయ్య," అంటూ దేవక్క ఇంకో కాయ తీసుకుంది.