మొదటి సవారీ

“నేనెక్కను. మీరు కానివ్వండి” అన్నాడు పెద్దాయన, కొత్త బస్సు ముందు చేతులు కట్టుకుని.

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఆ బస్సుకు బొమ్మ గీసి, దగ్గరుండి కట్టించిన కూతురి మొహం కందిపోయింది. తాతలు కొలిమి దగ్గర బండి చక్రాలకు పట్టాలు బిగించిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే ఆనవాయితీ. చేసిన బండి మొదట ఇంటిపెద్ద ఎక్కాలి, తర్వాతే అది గేటు దాటాలి. బండి, ట్రాలీ, ట్రాక్టరు, దేనికీ ఆయన గునిసింది లేదు. తలుపులూ అద్దాలూ ఉన్న బండి మాత్రం ఆ షెడ్డులో ఇదే మొదలు. కూతురి చేతి మీదుగా తయారైందీ ఇదే మొదలు.

“ఎందుకెక్కవు నాన్నా?”

“మోకాలు నొప్పమ్మా.”

“పొద్దున ట్రాక్టరెక్కినప్పుడు ఈ మోకాలు ఎక్కడికి పోయింది?”

“అది వేరు, ఇది వేరు.”

“నిప్పు లేందే పొగ రాదురా. బ్రేకుల్లో ఏదో ఉంది” అని గొణిగాడు వెల్డరు. గుసగుసకు బ్రేకులుండవు కదా, కొనడానికొచ్చిన స్కూలు మేనేజరు దాకా పాకింది. ఆయన మెల్లిగా గేటు వైపు చూశాడు.

కూతురికి ఒళ్ళు మండింది. తనే ఎక్కి, బస్సును గోడ మీదికి తోలి, జానెడు దూరంలో ఆపింది.

“చూశావా? ఇంకేం కావాలి?”

“బ్రేకుల్ని నేనేమన్నా అన్నానా తల్లీ?”

“అంటే నన్నే నమ్మవన్నమాట. సరే, విప్పించి కొలిమిలో పారేయించు. నాకూ ఈ షెడ్డుకూ చెల్లు!”

ఆమె విసిరిన తాళంచెవి తండ్రి కాళ్ళ దగ్గర పడింది.

పెద్దాయన తాళంచెవి వంక చూశాడు, కూతురి వంక చూశాడు. “పద” అని, ఉరికంబం ఎక్కేవాడిలా మెట్లెక్కాడు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. దారి పొడుగునా ఆయన నోరు విప్పితే ఒట్టు. దిగగానే పనివాళ్ళు చప్పట్లు కొట్టారు, మేనేజరు బేరం ఖాయమన్నాడు. పెద్దాయన మాత్రం ఎవరికీ దొరక్కుండా షెడ్డు వెనక్కి పరిగెత్తాడు.

కూతురు కంగారుగా వెంటపడింది. పాత ఇనుము కుప్ప పక్కన ఆయన వంగి ఉన్నాడు. పొద్దున తిన్నదంతా కక్కేస్తున్నాడు.

“అంత దరిద్రంగా ఉందా నాన్నా నా బస్సు?”

“బంగారంలా ఉంది తల్లీ.” మూతి తుడుచుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “తలుపులేసిన బండెక్కితే నాకు చిన్నప్పట్నుంచీ ఇంతే. కట్టినవాడికే బస్సు పడదంటే, మన బస్సు ఇంకెవడు ఎక్కుతాడే?”