పై మడి అంచు

"ఆ చేనుకు యాభై గుర్రాలు ఎక్కువ, నాయనా."

ట్రాక్టరు షోరూమ్‌లో మూల బెంచీ మీంచి వచ్చిందా మాట. కొత్త బండి సీటెక్కి స్టీరింగు తిప్పి చూసుకుంటున్న డ్రైవరు అటు తిరిగాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

డ్రైవరంటే బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లు బస్సు నడిపి, ఉద్యోగం వదిలేసి, ముక్కూ మొహం తెలియని ఊళ్లో నాలుగెకరాల కొండవాలు చేను కొన్నాడు. చేతులు మారి మారి మధ్యవర్తి దగ్గరికి వచ్చిన చేను. చవకగా దొరికింది, కొనేశాడు. ఇప్పుడు ట్రాక్టరు కావాలి. యాభై మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్లు దిగినవాడు చిన్న బండి ఎక్కితే పరువేం కావాలి!

"ఎవరాయన?"

"రోజూ వచ్చి కూర్చుంటాడండీ. మా ఓనరుగారు ఏమీ అనొద్దన్నారు," సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు. "మీరు పట్టించుకోకండి. యాభై హార్స్‌పవర్ తీసుకుంటే మీకిక తిరుగే లేదు."

ముసలాయన లేచి దగ్గరికొచ్చాడు.

"కాలువ పైన కొండవాలు చేను అన్నావు కదా? మూడు మడులు. పై మడి గట్టు మెత్తన. బరువు బండిని మోయలేదు. ఇరవై నాలుగు గుర్రాలది, ఎత్తు తక్కువది తీసుకో. వెనక చక్రాలు ఎడంగా బిగించుకో."

"బస్సు తోలినవాణ్ని, పెద్దాయనా. నాకు నేర్పుతున్నారా?"

"బస్సుకు రోడ్డుంటుంది నాయనా. చేనుకు అంచుంటుంది."

డ్రైవరు నవ్వేసి సంతకానికి పెన్ను తీశాడు. ముసలాయన పక్కనే నిలబడ్డ అతని భార్య వైపు తిరిగాడు.

"అమ్మా, మీ ఆయన పేరు ఊళ్లో మోగాలా, రోజూ సాయంత్రం ఇంటికి రావాలా?"

ఆవిడ ఆ ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, మొగుడి చేతిలో పెన్ను లాక్కుంది.

"చిన్నదే కొను. లేదంటే ఇట్నించి ఇటే మా అన్నయ్య ఇంటికి పోతాను."

ఆ గొంతు డ్రైవరుకు బాగా తెలుసు. చిన్న బండే ఇంటికొచ్చింది.

ఏడాది పొడుగునా ముసలాయన్ని తిట్టుకుంటూనే దున్నాడు. పక్క చేలల్లో రెండు గంటల్లో తెమిలే పని అతనికి పొద్దంతా పట్టేది.

పైగా ఒక విచిత్రం. కింది మడుల్లో ఉన్నంతసేపూ అతన్ని ఎవరూ పట్టించుకోరు. బండి పై మడి ఎక్కిందా, పక్క చేలో అన్నదమ్ములిద్దరూ పని ఆపి నిలబడతారు. నవ్వరు. మాట్లాడరు. బండి అంచు దగ్గర మలుపు తిరిగి వెనక్కి వచ్చేదాకా రెప్ప వేయరు.

"నా బొమ్మ బండి వాళ్లకి వినోదమైపోయింది," అని ఇంట్లో రుసరుసలాడాడు.

"వినోదం చూసే ముఖాల్లా లేవే అవి," అంది భార్య.

నిజమే, లేవు. ఆ చూపులు భోజనానికి కూర్చున్నా అతన్ని వదిలేవి కావు. అదే అతనికి ఒళ్లుమంట.

సర్వీసింగుకు షోరూమ్‌కి వెళ్లిన రోజు ముసలాయన ఎదురొచ్చాడు.

"పై మడిలో అంచుకి రెండు బారలు వదిలి దున్నుతున్నావా, నాయనా?"

ఏడాది కోపం ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"ఆ చేను గురించి నీకేం తెలుసయ్యా? ఎప్పుడైనా అందులో అడుగు పెట్టావా? ఊరికే కూర్చుని దారినపోయేవాళ్లందరికీ సలహాలు! పోయేది నీ సొమ్మా?"

ముసలాయన పెదవులు కదిలాయి.

"రెండు బారలు వదులు," అన్నాడు, అంతే.

వదల్లేదు. మొండికేసి అంచు దాకా దున్నాడు.

వానలు పట్టిన వారం, పై మడిలో మలుపు తిప్పుతుంటే గట్టు జారింది. వెనక చక్రం కింద నేల లేదు. బండి పక్కకు ఒరిగింది, ఇంకా ఒరిగింది, పొట్ట మట్టికి ఆని ఆగింది. ముప్పై అడుగుల కింద కాలువ రాళ్లు.

అతను కేక వేయకముందే అన్నదమ్ములు వచ్చేశారు. చేతుల్లో మోకు ఉంది. బండిని లాగి కట్టి, అతన్ని దింపారు.

"ఇంత తొందరగా ఎలా వచ్చారు?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పై మడి ఎక్కిన ప్రతిసారీ మోకు తీసి పెట్టుకుంటాం," అన్నాడు అన్న. "షోరూమ్ పెద్దాయన మా చేతులు పట్టుకుని మాట తీసుకున్నాడు."

"ఎందుకు?"

"పాతికేళ్ల కిందట ఇక్కడే యాభై గుర్రాల బండి పడిపోయింది. ఆ బరువుకి గట్టు మొత్తం ఊడి వచ్చింది. నడిపే కుర్రాడికి ఇరవై రెండేళ్లు. మోకు కోసం మేం ఇంటికి పరిగెత్తాం. వచ్చేసరికి కేకలు ఆగిపోయాయి."

"నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదే!"

"ఆయనే వద్దన్నాడు. భయంతో స్టీరింగు పట్టుకుంటే చెయ్యి వణుకుతుందట. ఆ వణుకే ప్రాణం తీస్తుందన్నాడు."

డ్రైవరు బురద కాళ్లతోనే షోరూమ్‌కి పరిగెత్తాడు. ఆయన కాళ్ల మీద పడాలి. ఇంకో ఆలోచన లేదు.

బెంచీ ఖాళీగా ఉంది.

"పోయిన నెల కాలం చేశారండీ," అన్నాడు ఓనరు. "మీరు కోప్పడిన రోజు తరవాత ఇక్కడికి రాలేదు. మంచాన పడ్డాక కూడా, నాలుగు చినుకులు పడితే చాలు, 'ఆ చేలో బండి ఉందేమో చూడండి' అనేవారట."

డ్రైవరు ఖాళీ బెంచీ వైపు చూశాడు.

"ఎవరండీ ఆయన?"



"ఒకప్పుడు ఆ చేను ఆయనదే. 'ఇంత బండి మనకొద్దు నాన్నా, చిన్నది చాలు' అని కొడుకు ఇక్కడ నిలబడి బతిమాలుతుంటే వినకుండా, యాభై గుర్రాలదే కావాలని పట్టుబట్టి కొన్న తండ్రి ఆయన."