మూడు వేళ్ళు

గుడి తలుపు కంతలోంచి చూడమని ఫెవ్రోన్యాని పంపారు. వాళ్ళందరిలోకీ ఆమెది మంచి చూపు.

బయట మంచులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తాను ఇయోవ్ స్వామినన్నాడు.

లోపల గుసగుసలు మొదలయ్యాయి. ఊరంతా ఆ దుంగల గుడిలో చేరి ఎదురుచూస్తున్నది ఆ స్వామి మాట కోసమే. మాస్కోలో జార్ గద్దె మీద కూర్చున్నవాడు క్రీస్తు విరోధి అని వాళ్ళ నమ్మకం. ఇక లోకానికి రోజులు చెల్లాయి. వాడి సైనికులకు చిక్కి మతం మారేకన్నా నిప్పులో కాలి పరలోకం చేరడమే మేలనుకున్నారు. గోడల వెంట గడ్డి పేర్చి తారు పోశారు. ఇయోవ్ స్వామి ఊ అన్నా, సైనికులు వచ్చిపడ్డా అంటించడమే. ఏళ్ళ తరబడి జార్ చెరలో మగ్గిన ఆయన్ని అక్కడెవరూ చూసి ఎరగరు.

"కాల్చుకోవద్దమ్మా. చిత్తడి నేల గడ్డకట్టింది, దాటి పోదాం. దారి నాకు తెలుసు" అన్నాడు ముసలాయన.

ఫెవ్రోన్యాకి ప్రాణం లేచొచ్చింది. పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడని ఆమె కూతురు ఉలియానా ఆ గుడిలోనే ఉంది మరి.

ఊరిపెద్ద సవ్వాతీ మాత్రం కదల్లేదు. స్వామి పేరు చెప్పుకొచ్చి ఊళ్ళకి ఊళ్ళనే పట్టించిన వేగులున్నారన్నాడు.

"సిలువ గుర్తు వేసుకోమను. ఎన్ని వేళ్ళతో వేస్తాడో చూడు."

పాత ఆచారం వదలని ఈ ఊరివాళ్ళు రెండు వేళ్ళు చాపి వేసుకుంటారు. మూడు వేళ్ళు కలిపి వేయాలన్నది జార్ ఆజ్ఞ. ఆ తేడాకే తలలు తెగుతున్న రోజులవి.

ముసలాయన చేతికున్న గుడ్డ విప్పి, ఆ చెయ్యి నుదుటి దగ్గరికి ఎత్తాడు. మునిమాపు వేళ, పైగా మంచు కురుస్తోంది. ఫెవ్రోన్యా కళ్ళు చిట్లించి చూసింది.

"మూడు" అంది.

కంత మూసేశారు. ఆయన తలుపు బాదాడు, ఏదో చెప్పబోయాడు. లోపల కీర్తనలు ఎత్తుకున్నారు. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

చప్పుడు ఆగాక, వాడు సైనికుల దగ్గరికి పోతున్నాడేమో చూసి రమ్మని సవ్వాతీ ఆమెను వెనక కిటికీలోంచి దింపాడు. తానొచ్చేదాకా నిప్పు ముట్టించొద్దని ఆమె మాట తీసుకుంది.

ఆయన సైనికుల దగ్గరికి పోలేదు. చిత్తడి మీద దారి పొడుగునా దేవదారు కొమ్మలు గుచ్చుతున్నాడు. తరిమేసినవాళ్ళకే దారి గుర్తులు పెడుతున్నాడు, ఏం మనిషి ఇతను అనుకుంది.

అంతలో అడవిలో సైనికుల డప్పులు మోగాయి. ఆమె వెనక్కి తిరిగేసరికి చెట్ల పైన ఆకాశం ఎర్రబడింది.

ఫెవ్రోన్యా పరుగెత్తబోయి మంచులో కూలబడింది.

"నా బిడ్డ లోపలుంది తాతా. దారి చూపేవాడివి, ఆ మూడు వేళ్ళతో ఎందుకు వేశావు?"

ముసలాయన దగ్గరికొచ్చి ఆమె పక్కనే మోకరిల్లాడు. మంటలకేసి తిరిగి మళ్ళీ సిలువ గుర్తు వేశాడు. ఈసారి ఆ చెయ్యి ఆమెకి జానెడు దూరంలో ఉంది.

బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. చూపుడు వేలూ నడిమి వేలూ ఉండాల్సిన చోట ఎప్పుడో మానిన మొండి గాయాలు.

"పాత పద్ధతిలోనే వేశానమ్మా" అన్నాడు ఇయోవ్ స్వామి. "అలా చాపినందుకే ఆ రెండు వేళ్ళూ మాస్కోలో నరికేశారు."