మిట్ఠూ

"మరి మీ అమ్మని వదిలేసి రైలెక్కేశావా? భయం వెయ్యలేదా నీకు?"

పదేళ్ళ అమూల్య చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోనులో ఎవరినో అడుగుతున్న మాట అది. పక్క గదిలో బట్టలు మడత పెడుతున్న తల్లి భాగ్యశ్రీ చేతులు ఆగిపోయాయి.

వేసవి సెలవులు మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. అన్నాలవగానే పిల్ల ముందు గదిలో ఓ మూల చేరుతుంది. ఫోనులో లూడో. అవతల ఎవరో ఆడుతుంటారు. ఆడుతూ మాట్లాడుకోవచ్చట కూడానూ. ఎవరే అంటే, "మేరీ ఫ్రెండ్ హై మమ్మీ" అంటుంది తలెత్తకుండా. ఒకసారి లాక్కుని చూసింది భాగ్యశ్రీ. పచ్చటి చిలక బొమ్మ, కింద మిట్ఠూ అని పేరు. అంతే.

ఫ్రెండయితే సరే. కానీ ఇంట్లో నోరు విప్పితే హిందీ తప్ప రాని పిల్ల, ఈ మిట్ఠూతో మాత్రం తెలుగులో కబుర్లాడుతోంది. ఈ రాయపూర్‌లో పసిపిల్లతో తెలుగు మాట్లాడుతూ లూడో ఆడే ఆ తీరికమనిషి ఎవరు? అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

మొగుడితో చెప్పుకుందామంటే గిరిధర్ గూడ్సు బండి డ్రైవరు. బండి మీద ఉన్నంతసేపూ ఫోను ఆపేసి ఉంటుంది, ఇంటికొస్తే మనిషే ఆగిపోయి నిద్రపోతాడు. ఇక అత్తగారు పైడమ్మ. మొన్నమొన్నటిదాకా, "పిల్ల నా కాడ కూకోదు, పిలిస్తే పలకదు, ఆ ఫోన్లోంచి తలెత్తదు" అని సణిగేది. ఇప్పుడు అదీ మానేసింది. భోంచేసి తన గది తలుపేసుకుంటుంది. కూలర్ మోతలో పిడుగు పడ్డా ఆవిడకి వినపడదు.

మొన్న ఆట మధ్యలో కరెంటు పోయింది. "సరిగ్గా ఇప్పుడే పోవాలేటి, మాయదారి కరెంటు!" అని విసురుకుంటూ అత్తగారు బయటికొచ్చింది. అమూల్య ఫోను పక్కన పడేసి, "మిట్ఠూకి కూడా పోయుంటుంది" అంది.

"వాళ్ళకీ పోయిందని నీకెలా తెలుసే?"

పిల్ల నాలిక్కరుచుకుని పెరట్లోకి పరిగెత్తింది.

అంటే మిట్ఠూ ఎక్కడివాడో కాదు. ఈ రైల్వే కాలనీలోనే, ఈ చుట్టుపక్కలే ఉన్నాడు. భాగ్యశ్రీ చూపు పై క్వార్టరు మీదికి పోయింది. మల్లేశ్వరరావు. ఒంటిగాడు, తెలుగువాడు. నాలుగు రోజులకేనంటూ వీళ్ళ వైఫై పాస్‌వర్డు అడిగి పుచ్చుకుని, ఇప్పటికీ అదే వాడుతున్నాడు. పైగా అతని వరండాలో పంజరం, పంజరంలో చిలక! ఇంకేం కావాలి? నిన్న మెట్ల దగ్గర ఎదురైతే, "మధ్యాహ్నాలు ఏం చేస్తుంటారండీ?" అని అడిగింది. నీళ్ళు నమిలాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

ముందు గదిలోంచి పిల్ల గొంతు మళ్ళీ వినపడింది.

"నన్నూ తీసుకెళ్తావా అక్కడికి? పక్కా? సరే, మమ్మీకి చెప్పనులే. చెప్తే ఫోన్ లాగేస్తుంది. ఒట్టు."

భాగ్యశ్రీ చేతిలో బట్ట పక్కన పడేసి లేచింది. పేపర్లో చదివినవన్నీ కళ్ళముందు తిరిగాయి. స్టేషనెంత దూరం? ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. ఒక్కగానొక్క పిల్ల. నేనిక్కడ బట్టలు మడత పెట్టుకుంటుంటే దాన్ని రైలెక్కించేస్తాడు!

అరిస్తే వాడు జాగ్రత్తపడతాడు. దొంగని దొరకబుచ్చుకోవాలి. నెట్టు పోతే చాలు, "ఏమైందండీ" అంటూ ముందు దిగొచ్చేది మల్లేశ్వరరావే. రానీ, ఇవాళ తేల్చేద్దాం అనుకుంది.

చప్పుడు చెయ్యకుండా వెళ్ళి రౌటరు ప్లగ్గు ఊడపీకింది.

"అరే యార్!" అని పిల్ల అరిచింది.

భాగ్యశ్రీ అప్పడాల కర్ర పుచ్చుకుని గుమ్మంలో నిలబడింది, చూపు మెట్ల మీదే ఉంచి. పైన తలుపు తెరుచుకోలేదు. చిలక మాత్రం ఒకసారి అరిచి ఊరుకుంది.

వెనకాల గది తలుపు కిర్రుమంది. గిరిధర్ భజనలకని ఇచ్చిన పాత ఫోను చేత్తో పట్టుకుని, ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి చూస్తూ పైడమ్మ బయటికొచ్చి అంది:

"నెట్టు పోనాదేటమ్మా భాగ్యం, బేగి ఎట్టమ్మా, అందులో అయితేనే గానీ ఆ పిల్ల నాతో మాటాడదు."