మంద కట్టిన చేను

ఎరువు కోసమని బీరప్ప తన గొర్రెల మందను ఓబులక్క చేలో కట్టింది నిన్న సాయంత్రమే. పొద్దున్నే పశువుల ఆస్పత్రి నుంచి షాహీన్ వచ్చి ఒక గొర్రె చెవికి సూది గుచ్చి, రక్తం చుక్కను చేతిలోని మిషనులో వేసింది. దున్నితే లేచే దుమ్ములో ఊపిరితిత్తుల్ని తినే బూజు ఉందని తేలినప్పటి నుంచి, చేలో ఉన్న పశువు రక్తంలో ఆ బూజు లేకుంటేనే ట్రాక్టరు కదులుతుంది.

గట్టు మీద ఎర్ర దీపం వెలిగింది. దున్నడానికొచ్చిన ట్రాక్టరుకు దానంతటదే తాళం పడింది.

"ఈ గొర్రెలు పది ఊర్లు మేసొచ్చినాయి పాపా! జబ్బు యాడ తగులుకుందో ఏమో, నా చేనుకు తాళమేంటికి?"

"రక్తం యాడ తీస్తే ఆ చేనుకే పడుతుందక్కా. నా చేతుల్లో ఏం లేదు."

రాత్రి వాన తెచ్చిన దుక్కి పదును ఎండకు ఆరిపోతోంది. ఓబులక్క చెయ్యి చాపింది.

"అయితే నా రక్తం తియ్యి. కాపురానికొచ్చినప్పటి నుంచి ఈ చేని దుమ్మే మింగుతాండా. రోగముంటే నాకుండాల."

షాహీన్ విసుక్కుంటూనే గుచ్చింది. మిషను ముందుకు పోలేదు.

"ఏ జంతువని అడుగుతాంది. గొర్రె, మేక, ఆవు, కుక్క. ఇందులో మనిషి లేదక్కా."

ఓబులక్క ఒకసారి ఆరిపోతున్న నేల వైపు చూసింది.

"గొర్రె అని కొట్టు పాపా. బిరీన."