డబ్బాల మెసేజ్

యలమంద కొత్త ఫోనులో కెమెరా ఉంది, రేడియో ఉంది, టార్చి ఉంది, దారి చూపే మ్యాపు కూడా ఉంది.

తెలుగొక్కటే లేదు.

మిరప చేలో ఆకుముడత మొదలైంది. ముడుచుకున్న కొమ్మను ఆ ఫోనుతోనే ఫొటో తీసి, గుంటూరులో కంప్యూటర్లు చదివే కూతురు అఖిలకి పంపాడు. శాస్త్రవేత్తకు చూపించి, ఏం చేయాలో రాసి పంపుతానంది. ఇవాళ ఏదో ఒకటి చేయకపోతే ముడత చేనంతా పాకుతుంది.

మెసేజ్ వచ్చింది. అక్షరాల చోట నిండా చిన్న చిన్న ఖాళీ డబ్బాలు.

"ఏం రాసిందిరా?" పక్క చేలోంచి కరీముల్లా కేకేశాడు.

"డబ్బాలు."

"ఎన్ని డబ్బాల మందు కొట్టమందో లెక్కపెట్టరా!"

"అరవై నాలుగు."

"అయితే పురుగుతో పాటు నువ్వూ పోతావు."

చేలో సిగ్నల్ ఒక గీతే. మెసేజ్ దిగుతుంది గాని మాట అందదు.

అంతలో గట్టు మీద ఒకాయన వచ్చాడు. భుజాన సంచి, బూట్ల నిండా నల్లరేగడి.

"యలమందగారు మీరేనాండి? ఆ ఫోను ఓసారి ఇస్తారా?"

యలమందకు అర్థమైపోయింది. మందుల కంపెనీవాడు. ముడత ఎక్కడ పడితే అక్కడ వాలతారు.

"ఎందుకు, మీ మందు పేరు ఎక్కించడానికా?"

"కాదండి, మీ అమ్మాయి అఖిల..."

"పేరు కూడా కనుక్కొచ్చారే! పోయినేడు వచ్చినాయన మా మామ పేరు చెప్పి నాలుగు డబ్బాలు అంటగట్టాడు."

"నాకు కంపెనీ లేదండి. మీ ఫోనులో నడిచే సిస్టమ్‌ కూడా ఒక్కడి సొత్తు కాదు. మీ డొంకదారి లాంటిది. అందరూ నడుస్తారు, గుంట పడితే చూసినవాడు పూడుస్తాడు."

"మా డొంకలో గుంట పడి మూడేళ్లయిందండీ. చూసినవాడల్లా పక్కనుంచి పోతున్నాడు."

కరీముల్లా పగలబడి నవ్వాడు. ఆయనా నవ్వాడు.

"పది నిమిషాలు చాలండి."

"సత్తెనపల్లి బస్సుకి అంత టైము లేదు. బయల్దేరండి."

ఆయన వెనుదిరిగాడు. డొంకలో గుంట దగ్గర ఆగి, రెండు రాళ్లు కాలితో అందులోకి దొర్లించి, బస్సెక్కాడు.

యలమంద ఊళ్లోకి పోయి నీళ్ల ట్యాంకు మెట్లెక్కితే గాని ఫోను కలవలేదు.

"నాన్నా, మెసేజ్ చూశావా?"

"అన్నీ డబ్బాలేనమ్మా. ఇంగ్లీషులో రాయకపోయావా?"

"ఇంగ్లీషు నీకు రాదు కదా నాన్నా."

"డబ్బాలు మాత్రం వచ్చా నాకు?"

"సరేలే. శాస్త్రవేత్తగారు మందు వద్దన్నారు, ముడత పడ్డ మొక్కలు పీకేయమన్నారు. ఇంకో ముక్క కూడా రాశాను. చేలోకి ఒకాయన వచ్చారా?"

"ఎవరు, కంపెనీవాడా? ఇప్పుడే బస్సెక్కించాను."



"కంపెనీవాడు కాదు నాన్నా. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూర్చుని గీసి, ఈ ఫోన్లలోకి ఎక్కించి, అందరికీ ఊరికే ఇచ్చే ఆయన మన చేలోకి వస్తున్నారని, ఫోను ఆయన చేతికియ్యమనే రాశాను."